చంద్రమౌళి గారి వన్స్ మోర్

అయిత చంద్రమౌళి జనగామ స్టేషన్ రోడ్డులో బియ్యం, పప్పుల టోకు వ్యాపారి. తాతల నాటి దుకాణం. తూకంలో మోసం లేదు, మాటలో తీపి లేదు. మనిషిని గురించి చెప్పుకోదగ్గ విషయాలే ఇవి. అయినా జనగామ వీటిని చెప్పుకోదు. ఊరు చెప్పుకొనేది ఒక్కటే: ఇక్కడ ఏ నాటకమాడినా మొదటి 'వన్స్ మోర్' చంద్రమౌళిది.

పద్యనాటకం ఎరగనివారి కోసం ఒక మాట. నటుడు పద్యం ఎత్తుకుని, నాలుగో పాదం చివర రాగాన్ని తన ఊపిరి ఉన్నంత మేరా సాగదీసి వదులుతాడు. సభకు నచ్చితే 'వన్స్ మోర్' అంటుంది. అన్నాక నటుడు మళ్ళీ పాడి తీరాలి. పాడకపోతే సభను అవమానించినట్టు. ఆ సమయానికి కథ ఎక్కడుందన్నది ఎవరికీ పట్టదు. రఘునాథపల్లిలో ఒకసారి బాణం తగిలి కన్నుమూసిన రాజు మూడుసార్లు లేచి పాడాడు, మూడుసార్లు చనిపోయాడు. నాలుగోసారి కూడా అడిగితే, చంపినవాడే ముందుకొచ్చి "ఇగ సాలు, మొక్కుత. పొద్దుగాల నాకు డ్యూటీ ఉన్నది" అని సభకు దండం పెట్టాడు.

చంద్రమౌళి ఈ రంగంలోకి వచ్చింది టార్పాలిన్ వల్ల. నాటకాల వాళ్ళకు ఆయన తండ్రి దుకాణంలోని టార్పాలిన్‌ను ఎరవిచ్చేవాడు. దానికి కాపలాగా ఒక ఏడాది కొడుకును పంపాడు. తెల్లవారేసరికి టార్పాలిన్ పోయింది, కొడుక్కి నాటకం పట్టింది. ఇరవై ఏళ్ళ వయసులో వేషం కూడా కట్టాడు. భటుడి వేషం, ఒకే ఒక్క మాట. రాజు అడగకముందే ఆ మాట చెప్పేసి వెళ్ళిపోయాడు. రాజు కాసేపు ఎదురుచూసి ప్రశ్న తనలో తానే వేసుకున్నాడు. తన స్థానం దీపాలకు అవతల కాదు, ఇవతల అని చంద్రమౌళికి ఆనాడే అర్థమైంది. ఈ సంగతి చాలామంది నటులకు చివరిదాకా అర్థం కాదు.

అప్పటినుంచి ఆయన రెండో వరుసలో, మధ్య నడవ పక్క కుర్చీలో కూర్చుంటూ వచ్చాడు. ఆయన వన్స్ మోర్‌కు ఒక పద్ధతి ఉంది. రాగం దిగి నేల మీద కాలు మోపాక, చప్పట్లు అందుకోకముందు, ఆ మధ్య ఉండే చిన్న సందులో ఆయన భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకుని లేచి నిలబడేవాడు. ఒక్కసారే అనేవాడు. ఆ తర్వాతే మిగతా సభ. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, కాబట్టే ఎవరూ తప్పేవారు కారు. ఆయన లేవలేదంటే పద్యం పోయినట్టే. ఒకసారి ఒక పెద్ద అధికారి ముచ్చటపడి వేషం కట్టి పాడితే చంద్రమౌళి కుర్చీలో రాయిలా కూర్చున్నాడు. ఆ అవమానంతోనే అధికారి వారం తిరక్కముందే బదిలీ చేయించుకున్నాడని జనగామ నమ్మకం. బదిలీ ఉత్తర్వు అంతకు నెల ముందే వచ్చిందని సర్కారు కచేరీ వాళ్ళు అంటారు గానీ, వాళ్ళ మాట ఎవరు వింటారు.

నాటకం ఉందంటే చంద్రమౌళి మూడు రోజుల ముందునుంచి ఉప్పు నీళ్ళు పుక్కిలించేవాడు.

"పాడేటాయన పుక్కిలిస్తె అర్థమున్నది. మీరేం పాడుతరని?" అనేది భార్య సరోజన.

"అడిగెటోని గొంతు బాగుండకపోతె పాడెటోనికి ఊపెట్ల వస్తదే?" అనేవాడు ఆయన.

ఇక శ్రీపాల్ సంగతి. ములుగు ఘనపూర్‌లో ఓ మోస్తరు రైతు కుటుంబంలో పుట్టి, భూపాలపల్లి బొగ్గుబావిలో గుమాస్తాగా చేరి, పగలు కార్మికుల హాజరు రాస్తూ రాత్రిళ్ళు రాజ్యాలేలిన మనిషి. ముప్పై ఏళ్ళ కిందట జనగామలో ఆయన మొదటిసారి పాడినప్పుడు సభలో ఆయన పేరు తెలిసినవాడు లేడు. పద్యం అయ్యాక చంద్రమౌళి లేచాడు. ఆ రాత్రితో ఇద్దరికీ పేరు వచ్చింది. ఎవరివల్ల ఎవరికి వచ్చిందన్నది ఇద్దరూ ఎన్నడూ చర్చించలేదు. స్నేహం నిలబడడానికి అదొక కారణం కావచ్చు.

ఇదిలా ఉండగా ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బావుల్లో బొగ్గు బావుల్లోనే ఉండిపోయింది, కచేరీలకు తాళాలు పడ్డాయి, పాఠాలు ఆగిపోయాయి. పనిచేసేవాళ్ళందరూ పని మానేయడంతో ఈ ప్రాంతంలో కళలకు ఎన్నడూ లేనంత తీరిక దొరికింది. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే గౌతమ్ ఆ తీరికలో ఒక పాటల నాటకం రాశాడు. పేరు 'తంగేడు రాజ్యం'. నీళ్ళు అడిగి వచ్చిన చుట్టాలు బావికి తాళం వేసుకుంటే, ఆ బావి గల రాజు తాళంచెవి అడగడం కథ. అందులో చుట్టాలెవరో, బావి ఏదో రచయిత విప్పి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆ రోజుల్లో ఏ పసివాడికీ లేదు.

అసలు విడ్డూరం అది కాదు. నాటకంలో రాజు మన మాట మాట్లాడతాడు. అంతవరకు మన మాటకు స్టేజీ మీద దొరికిన ఉద్యోగాలు రెండు: దొంగ, ద్వారపాలకుడు. వాళ్ళు నోరు తెరిస్తే జనం నవ్వాలి, మూస్తే రాజుగారు గ్రంథం చదివినట్టు మాట్లాడాలి. ఇప్పుడు రాజే "ఏంది" అనబోతున్నాడని తెలిసి స్టేషన్ రోడ్డు హోటల్ రెండుగా చీలిపోయింది.

"కిరీటం పెట్టుకొని 'ఏందిర' అంటె మంచిగుంటదా మరి?" అన్నారు ఒకరు.

"కిరీటం పెట్టుకుంటె నాలికె మారుతదా?" అన్నారు ఇంకొకరు.

రాజు వేషం శ్రీపాల్‌ది అనేసరికి రెండు పక్షాలూ ఒక్కటయ్యాయి. నాటకంలో పాటలే అన్నీ. పద్యం ఒకటే, అది రాజుది, బావి గట్టు మీద పాడేది. రిహార్సల్లో దాన్ని విన్న భూపాలపల్లి కార్మికులు చివరి రాగం అర నిమిషం ఉంటుందన్నారు. ఆ వార్త హన్మకొండ దాటేసరికి నిమిషమైంది. జనగామలో నిమిషమున్నర. మానుకోటలో రెండు నిమిషాలని ఖాయం చేసుకున్నారు. మహబూబాబాద్‌ను మానుకోట అనేవాళ్ళు ఏ సంగతీ తక్కువ చేసి చెప్పుకోరు.

కరెంటు ఎప్పుడుంటుందో తెలియని రోజులు కాబట్టి నాటకం పగటిపూట రెండు గంటలకని, సమ్మెతో ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డులో రేకుల షెడ్డు కిందనని నిర్ణయించారు.

సమ్మెలో చంద్రమౌళి పాత్ర గురించి కూడా చెప్పాలి. ఆయన షట్టరు సగం దించి ఉండేది. దించిన సగం ఉద్యమానికి, దించని సగం గిరాకీకి. వర్తక సంఘం ఊరేగింపుల్లో బ్యానరు వెనక నడిచేవాడు. నినాదాలప్పుడు మాత్రం పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. పిరికితనం అనుకున్నారు కొందరు. కాదు, పొదుపు. గొంతు అక్కడ ఖర్చు పెడితే నాటకానికి మిగలదని ఆయన భయం.

నాటకం ఇంకా పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం షట్టరు కిందినుంచి ఒక తల లోపలికి వచ్చింది. వెనకే ఆరడుగుల శ్రీపాల్ వచ్చాడు. ముప్పై ఏళ్ళు రాజ్యాలేలినవాడి ప్రవేశంగా అది ఏమంత బాగాలేదు.

"మౌళన్నా, జర ఎవలన్న ఉన్నరా లోపట?"

చంద్రమౌళి ఉలిక్కిపడింది మనిషిని చూసి కాదు, గొంతు విని. సిమెంటు గచ్చు మీద బస్తా ఈడ్చినట్టుంది.

"ఎవలు లేరు. ఏందిర గీ గొంతు?"

శ్రీపాల్ పప్పు బస్తా మీద కూలబడ్డాడు. "హన్మకొండ దవాఖానల చూపిచ్చుకున్న. గొంతుల కాయ లేసిందన్నడు డాక్టర్. కోసి తియ్యాలంట."

"తీస్తె?"

"మాట వస్తదంట. పాట సంగతి నేను జెప్పలేనన్నడు."

"మరింక నాటకమెందుకు? బందు పెట్టి పొయ్యి పండు."

"ముప్పై ఏండ్లు రాజు ఏషం గట్టిన అన్నా. ఒక్కనాడన్న మా అవ్వ మాట్లాడినట్టు మాట్లాడిన్నా? ఇగ గిప్పుడు దొరికింది. గిది ఇడిసిపెట్టి ఎట్ల పండాలె?" అని ఊపిరి తీసుకున్నాడు. "డాక్టర్ను అడిగిన. పది దినాలు నోరు మూసుకొని ఉంటె ఆ పద్యం ఒక్కపారి పాడొచ్చన్నడు. పాటలు కోరస్ పిల్లలు ఎత్తుకుంటరు. పద్యం ఒక్కపారి. రెండోపారి ఎత్తిన్ననుకో, అండ్లనే పగుల్తది."

చంద్రమౌళికి విషయం అర్థమవుతోంది. అర్థం కాకుంటే బాగుండునని కూడా అనిపిస్తోంది.

"పగిలిందే యాదుంచుకుంటరు మౌళన్నా. ముప్పై ఏండ్లు పాడింది ఎవలు యాదుంచుకోరు. అందుకే వచ్చిన. నువ్వు వన్స్ మోర్ అనకు."

జనగామ వర్తక సంఘం చరిత్రలో ఏ సభ్యుణ్ణీ ఎవరూ ఇంత కోరిక కోరలేదు. చంద్రమౌళి లేచి కాసిని మంచినీళ్ళు తాగాడు.

"నేను అనకుంట ఉంట. ఇంకెవలన్న అంటె నువ్వు పాడకు. చేతులు జోడిచ్చి లోపటికి పో."

"నా సంగతి నాకు తెల్వదా? అడిగితె ఆగుతనా నేను? హార్మోనియం మీద ఏలు పడితె సాలు, నోరు దానంతటదే తెరుసుకుంటది."

"గౌతమ్ సారుకు జెప్పు మరి."

"చెప్తె ఎవలి పాటనో టేపుల పట్టుకొచ్చి పెడ్తడు. నోరు నాది, పాట ఇంకొకనిది. గంతకంటె పగిలిందే నయం. ఎవలికి జెప్పనని ఒట్టెయ్యి."

చంద్రమౌళి కాంటా మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ వీధిలో వ్యాపారులు దేవుడి మీద ఒట్టేసి మాట తప్పినవాళ్ళున్నారు. కాంటా మీద వేసి తప్పినవాళ్ళు లేరు.

శ్రీపాల్ వెళ్ళాక ఆయన లెక్క వేసుకున్నాడు. జనగామ వాళ్ళు తను లేవందే అడగరు. నర్మెట్ట, రఘునాథపల్లి జనం జనగామను చూసి నడుస్తారు. భూపాలపల్లి కార్మికులు శ్రీపాల్ మనుషులే, పై ఊళ్ళో మర్యాద పాటిస్తారు. మిగిలింది ఒక్క మానుకోట. మానుకోట అంటే కొండల్.

కొండల్ మాజీ సర్పంచ్, మిరప రైతు. నాటకానికి తానొక్కడే రావడం ఆయనకు తెలియదు. ఇరవై ముప్పై మందిని వెంటేసుకుని వస్తాడు, రాగం గాలిలో ఉండగానే అందరిచేతా వన్స్ మోర్ అనిపిస్తాడు. వన్స్ మోర్ అంటే రసజ్ఞత అని చంద్రమౌళి అభిప్రాయం. మెజారిటీ అని కొండల్ అభిప్రాయం. ఈ విషయమై వారిద్దరికీ పదిహేనేళ్ళుగా పొసగదు.

రైళ్ళు తిరుగుతున్న ఒక రోజు చూసి చంద్రమౌళి ప్యాసింజరెక్కి మానుకోట వెళ్ళాడు. కొండల్ వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"సమ్మెల రైలెక్కి వచ్చినవంటె పెద్ద పనే సేటూ. ఏంది కత?"

"ఏం లేదు. నాటకానికి వస్తున్నవా?"

"రాకుంట ఉంటనా? డీసీఎం బండి మాట్లాడిన. ముప్పై మందిమి."

"గదే. రేకుల షెడ్డు. పగటి ఎండ. గంత మంది పరేషాన్ ఎందుకని..."

"మిర్చి కల్లంల కాగిన మనుషులం. మాకు నువ్వు ఎండ జూపిస్తవా?"

చంద్రమౌళికి అబద్ధమాడడం అలవాటు లేదు. అలవాటు లేని పని చేసేవాళ్ళు దాన్ని ఎక్కువగా చేస్తారు. "రాండ్రి కాని, వన్స్ మోర్ మాత్రం అడగకుండ్రి కొండల్. ఇది కొత్త తీరు నాటకమంట. నడుమ కథ ఆగొద్దని గౌతమ్ సార్ ఖరాఖండిగ చెప్పిండు" అన్నాడు.

కొండల్ మారు మాట్లాడకుండా సెల్లు తీసి గౌతమ్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"సార్, నాటకంల వన్స్ మోర్ అనొద్దన్నవంట?"

"ఎవరన్నరే?" అంది ఫోను. "పది సార్లు అడుగుండ్రి. మన మాటల రాసిన పద్యానికి వన్స్ మోర్ వస్తె గంతకంటె ఏం గావాలె?"

కొండల్ ఫోను జేబులో పెట్టుకుని చంద్రమౌళి వైపు చాలాసేపు చూశాడు. ఎన్నికల్లో అవతలి పార్టీ ఏజెంటును చూసే చూపది.

"ఓహో. జనగామోళ్ళు అడగాలె, మానుకోటోళ్ళు చప్పట్లు గొట్టి ఇంటికి పోవాలె. గంతేనా సేటూ? మొదటి పిలుపు నీకే పట్టా అయిందా?"

"గట్ల గాదు కొండల్..."

"ఎట్ల గాదు? ముప్పై మందిమే అనుకున్న. నువ్వు గింత దూరం వచ్చి బతిమాలినందుకు ఇంకో డీసీఎం మాట్లాడుత. అరవై మందిమి వస్తం. చాయ తాగి పో."

చంద్రమౌళి చాయ తాగి తిరిగొచ్చాడు. దౌత్యంలో ఇంత స్పష్టమైన ఫలితం సాధించినవారు అరుదు.

నాటకానికి మూడు రోజులుందనగా సరోజన ఉప్పు నీళ్ళు కాచి పెట్టింది. చంద్రమౌళి ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. మూడోనాడు ఆమె గ్లాసు ఎదురుగా పెట్టి కూర్చుంది.

"ఏమైంది?"

"ఏం కాలే. ఈపారి అక్కెర లేదు."

"శ్రీపాలన్న నాటకానికి మీకు ఉప్పు నీళ్ళు అక్కెర లేవా? మానుకోట పోయొచ్చిన్నాటి సంది అన్నం సగం ఇడిసిపెడ్తుండ్రు. మొన్న ఆయన మనింటికి రాకుంట దుకాణం కాడికెల్లే పోయిండు, ఒక్క మాట పలకరియ్యలే." ఆమె గ్లాసు తీసేసింది. "గొంతు బాగలేంది మీకు కాదు. ఆయనకే."

చంద్రమౌళి గోడ మీది క్యాలెండర్ చూడసాగాడు.

"చెప్పకుండ్రి. కాంటా మీద ఒట్టేసినట్టున్నరు" అని ఆమె లేచి, ఫ్లాస్కు వెతికి కడిగింది.

నాటకం రోజు పన్నెండు గంటలకే షెడ్డు నిండిపోయింది. నర్మెట్టవాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చారు. భూపాలపల్లి కార్మికులు రెండు లారీల్లో దిగారు. కుర్చీలు చాలక ఖాళీ గోనె సంచులు పరిచారు. పోయిన సీజన్‌లో అక్కడ మిర్చి పోసినట్టుంది, సంచి సర్దినప్పుడల్లా వందమంది తుమ్మారు. అరవై మందిని వెంటబెట్టుకుని కొండల్ వచ్చి సరిగ్గా చంద్రమౌళి వెనక మూడు వరుసలు ఆక్రమించాడు.

"నమస్తే సేటూ. ఎండ బాగనే ఉన్నది" అన్నాడు.

జనరేటర్ మొరిగింది, తెర లేచింది. కోరస్ పిల్లలు పాడి పక్కకు జరిగాక శ్రీపాల్ వచ్చాడు. కిరీటం, తంగేడు పూల దండ. సింహాసనం దాకా నడిచి, కూర్చుని, సభను ఒకసారి కలయజూసి, నింపాదిగా అన్నాడు:

"ఏందిర గా లొల్లి?"

షెడ్డులో ఒక్కరూ కదల్లేదు. ఎవరైనా నవ్వుతారేమోనని అందరూ భయపడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట రాజు మాటలాగే ఉంది. తర్వాత చప్పట్లు మొదలై, జనరేటర్ మోత వినిపించకుండా పోయింది. చంద్రమౌళి తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. మిర్చి ఘాటు అని పక్కవాళ్ళు అనుకున్నారు, అంతకుముందు ఒక్కసారి కూడా తుమ్మని మనిషికి.

గంటన్నర తర్వాత బావి గట్టు వచ్చింది. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. శ్రీపాల్ ఎత్తుకున్నాడు. "నేను తవ్వించిన బాయి, నేను వంగి తాగిన నీళ్ళు" అంటూ మొదలైంది పద్యం. మొదటి పాదం జాగ్రత్తగా, గడప దాటే ముసలివాడిలా నడిచింది. రెండో పాదంలో అడుగు కుదిరింది. మూడోదానికి చంద్రమౌళి ఊపిరి బిగబట్టాడు. నాలుగో పాదం చివర రాగం లేచింది. అది నిమిషమూ కాదు, రెండు నిమిషాలూ కాదు. అందులో ఒకచోట సన్నని జీర పలికింది. అది సభకు దుఃఖంలా వినిపించింది. అది ఏమిటో తెలిసినవాడు ఆ షెడ్డులో ఒక్కడే. రాగం తిరిగింది, దిగింది, నేల మీద కాలు మోపింది.

ఆ సందు వచ్చింది.

జనగామ మొత్తం రెండో వరుస వైపు తిరిగింది. చంద్రమౌళి కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. వెనక కొండల్ లేచిన చప్పుడు, అరవై మంది ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడ్డాయి. స్టేజీ మీద శ్రీపాల్ కళ్ళు హార్మోనియం వైపు తిరిగాయి. తన సంగతి తనకు తెలుసునన్నాడు కదా.

చంద్రమౌళి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. ఆలోచన లేదు, ఉపాయం లేదు, చేతిలో తువ్వాల ఉంది. ఊరేగింపుల్లో ఒక్కనాడూ బయటికి రాని శబ్దం ఆ రేకుల కింద పిడుగులా పడింది:

"జై తెలంగాణ!"

ఆ రోజుల్లో ఆ మాట విని బదులు పలకకుండా ఉండడం ఏ మనిషికీ సాధ్యమయ్యేది కాదు, అందులోనూ మాజీ సర్పంచ్‌కు. 'వన్స్' అనడానికి తెరిచిన కొండల్ నోట్లోంచి 'జై' వచ్చింది. అరవై మందీ అదే అన్నారు. కార్మికులు లేచారు, నర్మెట్ట లేచింది. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. సంచులు ఊపారు, ధూళి లేచింది, అందరూ తుమ్ముతూ జై కొట్టారు. అయిదు నిమిషాలకు సద్దుమణిగేసరికి, కథ చల్లారకూడదని గౌతమ్ కోరస్ పిల్లల్ని ముందుకు తోశాడు, తర్వాతి పాట మొదలైపోయింది. శ్రీపాల్ స్టేజీ మీద లేడు.

నాటకం ముగిశాక చంద్రమౌళి ఫ్లాస్కు పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాడు. శ్రీపాల్ ఒక సంచి మీద కూర్చుని కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటున్నాడు. వేణ్ణీళ్ళు రెండు గుక్కలు తాగి, తల ఎత్తకుండా అన్నాడు:

"నువ్వు లేస్తివి మౌళన్నా. చూసిన. శ్రుతి గూడ అందుకున్న."

"అందుకున్నవని తెలిసే అరిచిన."

"మంచి పని జేసినవు." కాసేపు చెవుల వెనక తుడుచుకున్నాడు. "అయినా, నువ్వు లేచినంక ఒక్కపారి అడుగుతవేమో అనుకున్న."

"నువ్వే వద్దంటివి గదరా!"

"అన్న. అన్నది నిజమే."

అరవై ఏళ్ళ మనిషి పదిరోజులు నిద్ర మానుకుని, అబద్ధమాడి, రైలెక్కి, గొంతు చించుకుని చేసిన పనికి ఇదీ ఫలితం. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ శ్రీపాల్ ముఖం మీద రాజు సగమే పోయి ఉన్నాడు. ఆ సగం రాజు మీద కోపం నిలవలేదు.

అంతలో తెర పక్కకు తోసుకుని కొండల్ వచ్చాడు. శ్రీపాల్‌కు దండం పెట్టి, చంద్రమౌళి వైపు తిరిగాడు.

"మంచిగ చెయ్యలే సేటూ. పద్యం నచ్చకపోతె కూసొని ఉండాలె. నడుమ నినాదం జొప్పిస్తవా? గంత మంచి పద్యం కొట్టుకపాయె. బయట మీ జనగామోళ్ళే అంటున్నరు, చంద్రమౌళికి నచ్చలేదు, అందుకే అడగలేదని."

చంద్రమౌళి ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడ్డాడు. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట మీదే ఒట్టు ఉంది. ముప్పై ఏళ్ళ తీర్పరితనం ఆ సాయంత్రం వీధిలో పలుచబడిపోతోందని తెలిసినా మూత తిప్పుతూనే ఉన్నాడు.

శ్రీపాల్ ఆయన చేతుల్నే చూస్తున్నాడు. రంగు గుడ్డ పక్కన పెట్టాడు.

"కొండలన్నా, ఇట్ల కూసో. నా గొంతుల కాయ లేసింది. రెండోపారి పాడితె మీ అందరి ముందర పగులుతుండె. అడగొద్దని మౌళన్నకు నేనే ఒట్టు పెట్టిన."

కొండల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత సంచి మీద కూర్చున్నాడు. ఎదురుగా మనుషులుండగా మాజీ సర్పంచ్ ప్రసంగించకుండా కూర్చోవడం అదే మొదలు.

"మరి మానుకోట వచ్చిన్నాడు ఒక్క మాట..." అని చంద్రమౌళితో అనబోయి, ఆపేశాడు. "దవాఖానకు ఎప్పుడు పోవాలె?"

"నాటకమైతె ఆగకుంట రమ్మన్నడు. బస్సులు లేవాయె."

"నా బండి ఏమైంది? ఒక డీసీఎంల మావోళ్ళు సర్దుకుంటరు. ఇంకోదాంట్ల మనం ముందర కూసుందాం. హన్మకొండ తొవ్వల్నే ఉన్నది. లే."

వీధిలో నిలబడ్డ జనానికి ఏం చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. ఏమీ చెప్పొద్దన్నాడు చంద్రమౌళి. ఆపరేషన్ అయ్యేదాకా ఊరు తనకు పద్యం నచ్చలేదనే అనుకోనిమ్మన్నాడు. సరోజనకు మాత్రం ఫోన్ చేసి, రాత్రికి రాకపోవచ్చునన్నాడు. "దుప్పటి పొద్దుగాలనే గౌతమ్ సారుతోని పంపిన, తెర ఎనుక ఉంటది" అందామె.

డ్రైవరు పక్కన ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. నడుమ శ్రీపాల్, మెడ చుట్టూ దుప్పటి చుట్టుకుని, డాక్టరు చెప్పినట్టు నోరు మూసుకుని. బండి ఊరు దాటింది. రోడ్డు వెంట పత్తి చేలు తెల్లబడుతున్నాయి.

"ఇంతకు పద్యం ఎట్లున్నది సేటూ?" అన్నాడు కొండల్. "నిజం చెప్పు."

చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు. జీవితమంతా ఆయన నాటక విమర్శ రెండు మాటలకు మించలేదు. అంతకంటే పెద్దది ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక మొదటినుంచే మొదలుపెట్టాడు.

"మొదటి పాదం కాడ నాకు జర భయమైంది," అన్నాడు. "గొంతు కోసం కాదు. 'బాయి' అన్నడు సూడు, 'బావి' అనకుంట. అక్కడ..."

శ్రీపాల్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. చంద్రమౌళి ఆగినప్పుడల్లా మోచేత్తో పొడిచి, చెప్పమన్నట్టు తల ఊపుతున్నాడు. రఘునాథపల్లి దాటేసరికి వాళ్ళు ఇంకా రెండో పాదంలోనే ఉన్నారు.